చూసిపోయేవాళ్ళు తగ్గాలి, కొనేవాళ్ళు రావాలి: తిరుపతిలో మా ఇల్లు అమ్మకం డైరీ

ఇల్లు అమ్మడం గురించి ఎవరిని అడిగినా కాగితాల గురించి చెబుతారు, పన్నుల గురించి చెబుతారు, బ్రోకర్ కమీషన్ గురించి చెబుతారు. రోజూ వచ్చి ఇల్లు చూసిపోయే జనాన్ని ఎట్లా తట్టుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. మా ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటోంది. డెబ్బై దాటింది, మోకాళ్ళ నొప్పులు. నేను చిత్తూరులో, అన్న బెంగళూరులో. ఇల్లు అమ్మి అమ్మను నా దగ్గరికి తెచ్చుకుందామని మొదలుపెట్టాక, ధర రాబట్టడం కంటే కొనే ఉద్దేశం లేనివాళ్ళ రాకపోకలు తగ్గించడమే పెద్ద పని అయింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగా ఇల్లు అమ్మేవాళ్ళకు పనికొస్తుందని ఏది పనిచేసిందో, ఏది చేయలేదో రాసి పెడుతున్నాను.

ఇంటి వివరాలు: ఎం.ఆర్.పల్లి దగ్గర, 20 అడుగుల రోడ్డు. తూర్పు ముఖం. దస్తావేజు ప్రకారం స్థలం 30 × 45 అడుగులు. కింద రెండు బెడ్‌రూములు, పైన ఒక చిన్న పోర్షన్. 1998లో కట్టింది. చెబుతున్న ధర 96 లక్షలు.

దశ 1: గేటుకు బోర్డు (మాఘమాసం)

"ఇల్లు అమ్మబడును" అని ఒక ఫ్లెక్సీ, కింద నా ఫోన్ నంబరు. గేటుకు కట్టిన సాయంత్రమే బెల్లు మోగడం మొదలైంది. ఎదురుగా గేటు కనబడుతుంటే ఫోన్ చేసేదెవరు?

ఎవరొచ్చారు, ఏ టైముకు, ఏమడిగారు అని అమ్మ చేత ఒక నోటుబుక్కులో రాయించాను. రెండు వారాలకు ముప్పై మందికి పైనే అయ్యారు. అందులో డబ్బు ఎట్లా సర్దుతారో మాట్లాడినవాళ్ళు ముగ్గురో నలుగురో. మిగతావాళ్ళ గురించి ఆ నోటుబుక్కు చదివితే తెలిసిందేమంటే, ఒక్కొక్కరికీ ఒక్కో అవసరం ఉంది, అది ఇల్లు కొనడం కాదు.

వీధివాళ్ళకు కావలసింది ధర. మా ఇల్లు ఎంత పలికితే వాళ్ళ ఇల్లు అంత పలుకుతుందని లెక్క. అది తప్పేం కాదు, కానీ అది తెలుసుకోవడానికి ఇల్లంతా తిరిగి వంటింట్లో అల్మరాలు తీసి చూసేవాళ్ళు. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు మా టేకు వాకిలి చూడాలని వచ్చేవాళ్ళు, టేపు పెట్టి కొలుచుకుని ఫోటో తీసుకునేవాళ్ళు. దర్శనం అయ్యి రైలుకు ఇంకా టైముంది కాబట్టి "కొండ కింద ఇల్లు ఒకటి చూద్దాం" అని వచ్చినవాళ్ళున్నారు. పైన పోర్షన్ అద్దెకిస్తారా అని అడిగినవాళ్ళు సరే సరి.

అన్నిటికంటే అమ్మను అలసగొట్టింది మిద్దె. పైకెక్కితే పడమర, ఉత్తరం వైపు కొండలు బాగా కనబడతాయి. చీకటి పడితే గాలిగోపురం దగ్గర శంఖుచక్ర నామాల లైట్లు కనబడతాయి. ఒకసారి సాయంత్రం వచ్చిన ఒక కుటుంబం పిల్లలతో సహా మిద్దెక్కి ఫోటోలు తీసుకుంటూ ఉండిపోయింది. పిట్టగోడ ఎత్తు మూడడుగులే. పిల్లలు ఎక్కడ వంగి చూస్తారో అని అమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి, వాళ్ళు దిగేదాకా అక్కడే నిలబడింది. ఆ రాత్రి ఫోన్‌లో అమ్మ గొంతు విన్నాక బోర్డు సంగతి తేల్చాలని ఆదివారం బస్సెక్కాను.

మార్చింది:

1. బోర్డు తీసేయలేదు. దాని మీద ధర రాయించాను.
2. స్థలం కొలత, ముఖం, ధర, చూపించే రోజులు, ఫోన్ నంబరు. ఈ ఐదే.
3. "లోపల పెద్దావిడ ఉన్నారు, బెల్ కొట్టవద్దు" అని రాయిద్దామనుకున్నాం. అన్న వద్దన్నాడు. ముసలావిడ ఒక్కతే ఉంటోందని గేటుకు రాసి పెట్టినట్టే కదా అన్నాడు. నిజమే. "ఫోన్‌లో టైమ్ తీసుకున్నాకే ఇల్లు చూపించబడును" అని మార్చాం.
4. కాలింగ్ బెల్ స్విచ్చిని గేటు దగ్గర నుంచి తీయించి వరండా లోపలికి మార్పించాం.

ధర బోర్డు మీద పెట్టడం అన్నకు మొదట ఇష్టం లేదు. బేరానికి బలం పోతుందన్నాడు. నా ఉద్దేశంలో అది ఉత్త భయం. ధర కోసమే వచ్చేవాళ్ళకు ధర గేటు దగ్గరే దొరికింది, వాళ్ళు చదువుకుని వెళ్ళిపోయారు. తలుపు తట్టేవాళ్ళు వారానికి ఇద్దరు ముగ్గురికి తగ్గారు.

ఖర్చు: ఫ్లెక్సీ 450, రెండో బోర్డు 600, ఎలక్ట్రీషియన్ 350. మొత్తం 1,400.

దశ 2: కొలతలు

నిజంగా కొనేవాళ్ళు టేపు తెస్తారు. వాళ్ళకంటే ముందు మనమే కొలిచి పెట్టుకోవాలి. లేజర్ మీటరు ఒకటి కొన్నాను. ఎండలో దాని చుక్క కనబడదు, అందుకని బయటి కొలతలు పొద్దున్నే తీయాలి, లేదా ఎదుటి గోడకు ఒక తెల్ల అట్ట ఆనించాలి. నాలుగు పక్కలూ కొలిస్తే దక్షిణం వైపు పొడవు 45 అడుగులకు బదులు 44 అడుగుల 7 అంగుళాలు వచ్చింది. అదే అంకె కాగితం మీద వేశాను. చూడటానికి వచ్చినప్పుడు వాళ్ళ టేపులో బయటపడే ఐదు అంగుళాలు, ముందే మన కాగితంలో ఉన్న ఐదు అంగుళాలు ఒకటి కావు. మొదటిది అనుమానం పుట్టిస్తుంది.

అంకణం దగ్గర ఇంకో చిక్కు. మా తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు 72. నెల్లూరు నుంచి ఒకాయన 37.5 అంకణాలు, 96 లక్షలు అని విని, వాళ్ళ లెక్కన 2,700 చదరపు అడుగుల స్థలం అనుకుని కారు మాట్లాడుకుని వచ్చారు. పాపం, ఆయన సీరియస్‌గా కొనే మనిషి. గేటు ముందు నిలబడి స్థలం వెడల్పు చూడగానే ముఖం మారిపోయింది. ఆయనకూ అమ్మకూ ఒక పూట పోయింది.

అప్పటినుంచి ప్రతిచోటా మూడు లెక్కలూ రాస్తున్నాం: 1,350 చదరపు అడుగులు, 150 గజాలు, 37.5 అంకణాలు, 36 అడుగుల అంకణం లెక్కన.

డ్రాఫ్ట్స్‌మన్ చేత ఇంటి ప్లాను కొత్తగా గీయించాను. ప్రతి గదికీ కొలత, దిక్కు. వంటిల్లు ఆగ్నేయం, పెద్ద బెడ్‌రూము నైరుతి, సంపు ఈశాన్యం, మెట్లు వాయవ్యం. ఇది ఎంత పనికొచ్చిందో ముందు ఊహించలేదు. ఇంతకు ముందు వచ్చినవాళ్ళలో చాలామంది ఇల్లంతా చూసి, బాగుందని మెచ్చుకుని, "మా సిద్ధాంతిగారిని అడిగి చెబుతాం" అని వెళ్ళేవాళ్ళు. ఫోన్ వచ్చేది కాదు. ఇప్పుడు ప్లాను వాట్సాప్‌లో ముందే పంపుతున్నాను. సిద్ధాంతి వద్దంటే అక్కడే ఆగిపోతుంది. సరేనన్నాకే వస్తారు. వాస్తు నమ్మకం మనకు ఎంత ఉన్నా, లేకపోయినా, కొనేవాళ్ళకు ఉంటుంది. దానికి ఇంటి దాకా రానక్కర లేదు.

ఖర్చు: లేజర్ మీటరు 1,400, ప్లాను 2,500. ఇప్పటిదాకా 5,300.

దశ 3: ప్రకటన, వీడియో (శివరాత్రి తర్వాత)

మొదటి ప్రకటన అందరూ పెట్టినట్టే పెట్టాం. మంచి ఎండలో తీసిన ఆరు ఫోటోలు, "ధర మాట్లాడుకోవచ్చు", "ప్రశాంతమైన ఏరియా". ఫోన్లు వెల్లువలా వచ్చాయి. పదిలో ఆరేడు బ్రోకర్లవి. మిగతావాళ్ళ మొదటి మాట "లాస్ట్ ఎంత?"

రెండో ప్రకటనలో వద్దనుకునే కారణాలన్నీ పైన పెట్టాం:

1. రోడ్డు 20 అడుగులే. పెద్ద కారు తిప్పాలంటే వీధి చివరి దాకా పోవాలి.
2. కట్టి పాతికేళ్ళు దాటింది.
3. ఉత్తరం వైపు బెడ్‌రూము గోడకు చెమ్మ. దాని ఫోటో కూడా.
4. దక్షిణం కొలత ఐదు అంగుళాలు తక్కువ.
5. ధర 96 లక్షలు. ఇల్లు, కాగితాలు చూశాకే బేరం.

తర్వాత మంచివి: తెలుగు గంగ కుళాయి, బోరు, టేకు వాకిలి, మిద్దె మీద నుంచి కొండ.

చెమ్మ ఫోటో పెట్టడం ఎందుకని బంధువులు అడిగారు. అప్పటిదాకా వచ్చిన ప్రతివాళ్ళూ ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూసి, ఐదు లక్షలు తగ్గించమనేవాళ్ళు. మేస్త్రీని పిలిచి రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకున్నాను: సజ్జ మీద పగులు పూడ్చి, పెచ్చులు కొట్టి, మళ్ళీ ప్లాస్టరింగ్ చేసి, రెండు పూతలు వాటర్‌ప్రూఫింగ్, 28,000 రూపాయలు. ఆ కాగితం ఫోటో పక్కనే పెట్టాను. తర్వాత ఆ గోడ పేరు మీద ఎవరూ లక్షల్లో అడగలేదు. ఎవరైనా అడిగితే 28,000 తగ్గిస్తానని చెప్పడానికి నాకూ ఆధారం ఉంది.

ఫోన్లు సగానికి పైగా తగ్గాయి. చేసినవాళ్ళకు చెప్పాల్సింది కూడా తగ్గింది.

వీడియో రెండుసార్లు తీయాల్సి వచ్చింది. మొదటిది ఎనిమిది నిమిషాలు, ఫోన్ నిలువుగా పట్టుకుని. ఇంటికెళ్ళి పెద్ద తెర మీద చూసుకుంటే అందులో బీరువా, దానికి వేలాడుతున్న తాళాలు, మంచం పక్కన అమ్మ మాత్రల డబ్బాలు, గోడకు ఇంటిల్లిపాది ఫోటోలు, గేటు గడియ పెట్టే తీరు అన్నీ కనబడుతున్నాయి. అది ఎవరికీ పంపలేదు. రెండోసారి ఫోన్ అడ్డంగా పట్టుకుని, ప్రతి గదిలో ఒక మూల నిలబడి నెమ్మదిగా ఒకే తిప్పు. ఫోటోలు దించి, బీరువా ఉన్న గోడ వదిలేసి, పూజ గది తలుపు మూసి. నాలుగు నిమిషాలు. చివరి అర నిమిషం మిద్దె మీద నుంచి కొండ. లింకు ఉన్నవాళ్ళకే కనబడేలా అప్‌లోడ్ చేశాం.

చూసిపోవాలనే కోరిక చాలామందికి ఈ వీడియోతోనే తీరిపోయింది. వాకిలి డిజైన్ కావాల్సిన వాళ్ళకు వాకిలి ఫోటో, కొలత విడిగా పంపుతున్నాను. పాపం వాళ్ళు ఇల్లు కట్టుకుంటున్నారు, ఇవ్వడంలో నష్టమేముంది?

ఖర్చు: ప్రకటన రుసుము 2,000. ఇప్పటిదాకా 7,300.

దశ 4: ఫోన్‌లో అడిగే ప్రశ్నలు

మొదట ఒక ఆన్‌లైన్ ఫారం చేశాను. ఉద్యోగం, జీతం, లోను, ఎంతమంది కుటుంబం, ఎందుకు కొంటున్నారు, ఆధార్ ఫోటో. పద్నాలుగు ప్రశ్నలు. అది నింపినవాళ్ళు దాదాపు లేరు. ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేసి, "ఇల్లు చూడకముందే నా జీతం మీకెందుకమ్మా" అని మర్యాదగానే అడిగారు. ఆయన అడిగింది న్యాయం. ఆధార్ తీసుకుని భద్రంగా దాచే ఏర్పాటు కూడా మన దగ్గర లేదు. ఫారం తీసేసి నాలుగు ప్రశ్నలకు దిగాను, అదీ నోటిమాటగా:

1. ప్లాను, వీడియో చూశారా? దిక్కులు మీకు సరిపోయాయా?
2. మీకోసమా, ఇంకెవరి కోసమైనా చూస్తున్నారా? నిర్ణయం తీసుకునే మనిషి మీతో వస్తారా?
3. లోనా, సొంత డబ్బా? ఇంకో ఆస్తి అమ్మితేగానీ డబ్బు రాదా?
4. ఎన్ని నెలల్లో రిజిస్ట్రేషన్ అనుకుంటున్నారు?

మూడో ప్రశ్నకు జవాబు అర్థం కావాలంటే లెక్క మన దగ్గర ఉండాలి. ఇది ప్రతి అమ్మకందారూ తన ధరతో వేసుకోవాలి.

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల నుంచి 75 లక్షల దాకా గృహరుణానికి ఇంటి విలువలో 80 శాతం వరకు ఇవ్వొచ్చు. రుణం 75 లక్షలు దాటితే 75 శాతమే. 96 లక్షల్లో 80 శాతం 76.8 లక్షలు, కానీ అది 75 దాటుతుంది కాబట్టి కుదరదు. 75 దాటిన రుణానికి పరిమితి 75 శాతం, అంటే 72 లక్షలే, కాబట్టి 75 దాటిన రుణం ఎటూ రాదు. అంటే ఎంత జీతమున్నా, బ్యాంకు మన ధరనే పూర్తి విలువగా ఒప్పుకున్నా, లోను 75 లక్షలు మించదు. మిగిలిన 21 లక్షలు చేతిలో ఉండాలి. దాని మీద స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, కలిపి 7.5 శాతం. 96 లక్షలకు అది 7.2 లక్షలు. మొత్తం 28.2 లక్షలు సొంత డబ్బు. పాత ఇల్లు కాబట్టి బ్యాంకు ఇంజనీరు విలువ తగ్గిస్తే ఇంకా ఎక్కువ కావాలి.

ఈ లెక్క ఫోన్‌లోనే నెమ్మదిగా చెబుతున్నాను: "లోను పోను మీకు ఇరవై ఎనిమిది లక్షల పైన చేతిలో ఉండాలండీ, అది సర్దుబాటు అయ్యిందా?" కొందరు "పది లక్షలుంటే చాలనుకున్నాం" అంటారు. వాళ్ళు మోసగాళ్ళు కాదు, ఎవరూ వాళ్ళకు లెక్క చెప్పలేదు. ఇల్లు చూసి, పిల్లలు గదులు పంచుకుని, ఆశపడ్డాక తెలిసేకంటే ముందే తెలియడం వాళ్ళకే మంచిది. ఇద్దరు ముగ్గురు థ్యాంక్స్ చెప్పి, పైన పోర్షన్ లేని చిన్న ఇళ్ళు వెతుక్కుంటామన్నారు.

"సగం నగదుగా ఇస్తాం" అనేవాళ్ళతో అక్కడే ఆపేస్తున్నాను. స్థిరాస్తి అమ్మకానికి 20,000 రూపాయలు, అంతకుమించి నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తీసుకున్నంత మొత్తం పెనాల్టీ పడుతుంది. అది పడేది అమ్మినవాళ్ళ మీద.

ఇంకో రకం ఫోన్ గురించి జాగ్రత్త. ఇల్లు చూడకుండానే నచ్చిందంటారు, వెంటనే టోకెన్ పంపుతామంటారు, క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టే పని ఎప్పుడూ ఉండదు, పిన్ కొడితే మన ఖాతాలోంచే పోతుంది. అమ్మ ఫోన్ నంబరు ఏ ప్రకటనలోనూ ఇవ్వకపోవడానికి ఇది ముఖ్య కారణం.

దశ 5: ఏ టైముకు చూపించాలి

నాకు వీలైనవి శని, ఆదివారాలు. శనివారం పొద్దున 9 నుంచి 11, ఆదివారం సాయంత్రం 4 నుంచి 6 అని పెట్టాను. ఫోన్‌లో బాగా మాట్లాడినవాళ్ళు, లెక్క సరిపోయినవాళ్ళు కూడా టైమ్ చెప్పగానే "వచ్చే వారం చూద్దాంలే" అని జారుకునేవాళ్ళు. వచ్చినవాళ్ళేమో ఊరికే చూసేవాళ్ళే. ఎందుకో నాకు అంతుపట్టలేదు. అమ్మే చెప్పింది: "శనివారం తొమ్మిది నుంచి పదిన్నర రాహుకాలం. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు. ఆ టైములో ఇల్లు కొనేదానికి ఎవరొస్తారు పాపా?"

క్యాలెండర్ చూసి మార్చాను. శనివారం 10:45 నుంచి 1 దాకా, ఆదివారం 10 నుంచి 12 దాకా. ఒక్కొక్కరికి అరగంట. తేడా ఆ వారమే తెలిసింది. పగటి వెలుతురులో చెమ్మ దాగదు. గాలిగోపురం లైట్లు చూడటానికి వచ్చేవాళ్ళు పగలు రారు.

ముందురోజు రాత్రి ఒక మెసేజ్: "రేపు 11 గంటలకు మీకు టైమ్ పెట్టాం. వస్తున్నట్టు పొద్దున 8 లోపు చెప్పండి, తర్వాత లొకేషన్ పంపుతాను." ఎనిమిదికి జవాబు లేకపోతే లొకేషన్ లేదు. ఈ ఒక్క నియమానికి మినహాయింపు ఇవ్వలేదు. చెప్పి రాకుండా పోయేవాళ్ళ కోసం ఎదురుచూడటమే అంతకు ముందు నా శనివారాలన్నీ తినేసింది.

గంగమ్మ జాతర వారంలో ఎవరికీ టైమ్ ఇవ్వలేదు. ఊరంతా ఆ సందడిలో ఉంటుంది, ఇంటికి చుట్టాలొస్తారు.

చుట్టాల సంగతి వేరే చెప్పాలి. దర్శనానికి వచ్చినవాళ్ళు ఇల్లు చూస్తామంటే కాదనలేం. వాళ్ళకు ఒకటే పద్ధతి: భోజనానికి పిలుస్తాం. అన్నం తిని, కూర్చుని, మాట్లాడి వెళ్ళాలి. గదులు చూపించడం, ధర చర్చ ఉండవు. నిజంగా కొనాలనుకునే చుట్టం ఉంటే నాకు ఫోన్ చేసి, అందరిలాగే నాలుగు ప్రశ్నలకు జవాబిచ్చి, శనివారం రావాలి. దీనికి ఒక పిన్ని నొచ్చుకుంది. నేను వెళ్ళి మాట్లాడి వచ్చాను.

దశ 6: లోపల ఎట్లా తిప్పాలి

ముందు వచ్చినవాళ్ళు వచ్చినట్టు అన్ని గదుల్లోకి విడిపోయేవాళ్ళు. ఒక్క మనిషి నలుగురి వెంట తిరగలేడు. ఇప్పుడు ఒక దారి పెట్టుకున్నాం:

1. వరండాలో కుర్చీలు. ప్లాను, కొలతల కాగితం చేతికిస్తాను. ఐదు నిమిషాలు.
2. బయట చుట్టూ తిరగడం: ప్రహరీ, సంపు, బోరు, మీటరు బోర్డు.
3. హాలు, వంటిల్లు, చెమ్మ ఉన్న గది. ఇద్దరికి మించి ఒకేసారి లోపలికి కాదు.
4. పూజ గది గుమ్మం బయటి నుంచే.
5. అమ్మ గది చివర్లో, అమ్మ సరేనంటేనే.
6. మిద్దె మొదటిసారి లేదు. రెండోసారి వచ్చినప్పుడు.

మొదటిసారి మిద్దె చూపించకపోవడం నాకే మనసొప్పని నియమం, ఆ కొండ కనబడటమే మా ఇంటి అందం. కానీ కొనేవాళ్ళు దానికోసం రెండోసారి వస్తారు. రానివాళ్ళకు వీడియోలో ఉంది.

అమ్మతో గట్టిగా వాదన అయ్యింది కాఫీ దగ్గర. "గడప దాటొచ్చిన మనిషికి ఒక లోటా కాఫీ కూడా ఇయ్యకుండా ఎట్ల పంపేది?" అంటుంది. కాఫీ అంటే అమ్మ లేచి నిలబడాలి, పాలు కాచాలి, వాళ్ళు తాగేదాకా మాట్లాడాలి. అరగంట గంట అవుతుంది. వద్దని చెప్పడానికి నాకూ నోరు రాలేదు, అది అమ్మ పద్ధతి, మంచి పద్ధతి. ఎండాకాలం రావడంతో దారి దొరికింది. వరండాలో ఒక కుండ నిండా మజ్జిగ, అల్లం, కరివేపాకు వేసి పొద్దున్నే అమ్మ కలిపి పెడుతుంది. పక్కన గ్లాసులు. వచ్చినవాళ్ళు గడప దాటకముందే తాగుతారు, నేను పోస్తాను. అమ్మకు తృప్తి, నాకు టైమ్ మిగులు.

ఖర్చు: నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు 2,600. ఇప్పటిదాకా 9,900.

దశ 7: బ్రోకర్లు

మొదట ఐదుగురికి చెప్పాం. ఒకే ఇల్లు వాట్సాప్ గ్రూపుల్లో 92 లక్షలకూ కనబడింది, ఒక కోటి 5 లక్షలకూ కనబడింది. ఇంకో సంగతి ఆలస్యంగా తెలిసింది: ఒకరు తన దగ్గర ఉన్న వేరే ఇల్లు అమ్ముకోవడానికి, పోల్చి చూపడానికే మా ఇంటికి పార్టీలను తెచ్చేవారు. వచ్చినవాళ్ళు కూడా నిజమైన పార్టీలే, కానీ మా ఇల్లు కొనడానికి రాలేదు.

ఇద్దరికి తగ్గించి, ఒక పేజీ కాగితం మీద రాసుకున్నాం. ధర 96, మార్చకూడదు. కమీషన్ 1 శాతం, రిజిస్ట్రేషన్ రోజున. పార్టీ పేరు, నాలుగు ప్రశ్నలకు జవాబులు ముందు పంపాలి. పార్టీతో నేను ఒకసారి ఫోన్‌లో మాట్లాడాకే టైమ్. ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్ళకు కూడా పెట్రోలు మిగులుతుంది కదా.

దశ 8: కాగితాలు

తిరుపతిలో నిజంగా కొనే మనిషి వాస్తు తర్వాత అడిగే మొదటి ప్రశ్న "మఠం భూమా?" అని. ఇక్కడ మఠం భూములు, దేవస్థానం భూములు ఎక్కువ. సర్వే నంబరు నిషేధిత జాబితాలో, అంటే 22ఏ లో ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు. ఆ ప్రశ్న అడిగారంటే ఆ మనిషికి టైమ్ ఇవ్వొచ్చని నా అనుభవం. చూసిపోయేవాళ్ళు టైల్స్ ఎక్కడ కొన్నారని అడుగుతారు.

ఫైలులో పెట్టినవి: దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందటి దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం), ప్లాను అప్రూవల్, ఇంటి పన్ను, కుళాయి పన్ను, కరెంటు బిల్లు, నాన్న పోయాక వచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అన్నదీ నాదీ సమ్మతి కాగితం, లాయరు లీగల్ ఒపీనియన్. ఈసీ ఎవరైనా ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు కాబట్టి దస్తావేజు నంబరు, సంవత్సరం ఫోన్‌లోనే చెబుతున్నాను. చూసుకుని వచ్చేవాళ్ళు గట్టివాళ్ళు.

జిరాక్స్ సెట్టు రెండోసారి వచ్చినవాళ్ళకే. ప్రతి పేజీ మీద అడ్డంగా ఎవరికిచ్చిందీ, తేదీ, "పరిశీలనకు మాత్రమే" అని పెన్నుతో రాసి ఇస్తున్నాను. ఆధార్ నంబర్లు, వేలిముద్రలు ఉన్న పేజీలు ఇవ్వడం లేదు, లాయరు ఆఫీసులో చూసుకోవచ్చు. ఒరిజినల్స్ ఇంట్లో లేవు, లాకరులో ఉన్నాయి. ఆ మాట అందరికీ ముందే చెబుతున్నాను.

ఖర్చు: లాయరు 5,000, నకళ్ళు, జిరాక్సులు 850. ఇప్పటిదాకా 15,750.

దశ 9: బేరం, అగ్రిమెంటు (జ్యేష్ఠం)

కొన్నది భార్యాభర్తలు, ఇద్దరూ ఉద్యోగస్తులు. బోర్డు చూసి ఫోన్ చేసినవాళ్ళే. చెమ్మ ఎస్టిమేట్ చదివి, మేస్త్రీ నంబరు అడిగి, ఆయనతో మాట్లాడాకే వచ్చారు. రెండోసారి వాళ్ళ నాన్నగారు, సిద్ధాంతి వచ్చారు, మిద్దె ఎక్కారు. మూడోసారి బేరం. వాళ్ళు 90 అన్నారు. అన్న ఫోన్‌లో 95 దగ్గర ఆగాడు. అమ్మ వరండాలో కూర్చుని వింటూ, వాళ్ళ అమ్మాయిని ఏ క్లాసు చదువుతున్నావని అడుగుతోంది. 92.5 లక్షల దగ్గర కుదిరింది. అడ్వాన్సు 10 లక్షలు ఆర్టీజీఎస్‌లో, అమ్మ ఖాతాకు.

ఆషాఢంలో రిజిస్ట్రేషన్ వద్దన్నారు. శ్రావణంలో పెట్టుకున్నాం. అప్పటికి వాళ్ళ బ్యాంకు ఇంజనీరు, బ్యాంకు లాయరు పని అయిపోతుంది. ఇంటి ధర 50 లక్షలు, అంతకుమించితే కొనేవాళ్ళు 1 శాతం టీడీఎస్, అంటే మన పేరు మీద ముందస్తు పన్ను, మనకిచ్చే డబ్బులోంచి పట్టి కట్టాలి. మాకు అది 92,500. చేతికి వచ్చే లెక్క వేసుకునేటప్పుడు ఇది తీసేసి వేసుకోవాలి, తర్వాత రిటర్నులో సర్దుకోవచ్చు. అగ్రిమెంటులో ఆ వాక్యం రాయించాం, లేకపోతే చివరి రోజున తొంభై వేలు తక్కువొచ్చాయని గొడవ.

అగ్రిమెంటు అయ్యాక చేసినవి:

1. బోర్డు అదే రోజు తీసేశాం. "అమ్ముడైంది" అని రాయలేదు. డబ్బు వచ్చిన ఇల్లని ఊరికి చెప్పడం అమ్మకు క్షేమం కాదు.
2. ప్రకటన, వీడియో లింకు తీసేశాం.
3. ఇద్దరు బ్రోకర్లకూ ఫోన్ చేసి చెప్పాను. గ్రూపుల్లో పాత మెసేజ్‌లు తీయించమన్నాను. ఒకరు తీశారు. ఇంకో గ్రూపులో ఇప్పటికీ 92 లక్షలకు తిరుగుతోంది.
4. ఆ మెసేజ్ చూసి ఫోన్ చేసేవాళ్ళకు ఒక సిద్ధం చేసిన జవాబు: "అగ్రిమెంటు అయిపోయిందండీ. అదే వీధిలో ఇంకో ఇల్లు ఉంది, వాళ్ళ నంబరు పంపమంటారా?" ఆ ఇంటివాళ్ళను అడిగే ఇస్తున్నాను.

అగ్రిమెంటు రాత, స్టాంపు కాగితం 1,200. మొత్తం ఖర్చు 16,950, బ్రోకర్ కమీషన్ లేదు. శ్రావణంలో రిజిస్ట్రేషన్ అయ్యాక పన్ను పేరు మార్పు, కరెంటు మీటరు పేరు మార్పు ఎట్లా జరిగాయో కింద చేరుస్తాను.